వేళ్ల నొప్పి, కళ్ల మంట, నీరసం... అన్నీ కీళ్లవాతమేనా?

ప్రశ్న: నా వయసు 42. ఆర్నెల్లుగా పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. తడిబట్ట పిండలేకపోతున్నాను. కణుపులు వాచి గాజులు ఎక్కడం లేదు. పది గంటలకల్లా కాస్త సర్దుకుంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి ఈమధ్యే మందులు మొదలుపెట్టారు. వీటికితోడు విపరీతమైన నీరసం, కళ్లలో ఇసుక పడినట్టు మంట, రాత్రిళ్లు చేతుల్లో తిమ్మిర్లు. సాయంత్రానికి మామూలుగా తిరుగుతున్నానని ఇంట్లోవాళ్లు నా బాధ నమ్మడం లేదు. ఇవన్నీ వేర్వేరు జబ్బులా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పినవన్నీ ఈ ఒక్క జబ్బు వల్లే రావచ్చు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబాటున మన కీళ్ల లోపలి పొర మీదే దాడి చేయడం వల్ల రుమటాయిడ్ ఆర్థరైటిస్ వస్తుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ దాడి కీళ్లతో ఆగకపోవచ్చు. ఒంట్లో వాపు రగులుతున్నంత కాలం నీరసం, ఒళ్లు వెచ్చబడటం, ఆకలి మందగించడం, రక్తహీనత కనిపిస్తాయి. కన్నీటి గ్రంథులు దెబ్బతింటే కళ్లు పొడిబారి మండుతాయి, లాలాజల గ్రంథులు దెబ్బతింటే నోరు ఎండిపోతుంది. మణికట్టు వాచి అక్కడి నరం నొక్కుకుపోతే చేతులు తిమ్మిరెక్కుతాయి. కొందరికి ఊపిరితిత్తుల్లోనూ సమస్య వస్తుంది. పొడిదగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకండి.

ఇబ్బంది ఏమిటంటే కళ్లకు ఒక డాక్టరు, నీరసానికి బలం మాత్రలు, తిమ్మిర్లకు ఇంకొకరు అంటూ తిరుగుతారు. అన్నీ ఒకచోట చెప్పరు. రోజూ పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంది, ఏయే కీళ్లు వాచాయి, ఇంకేం బాధలున్నాయి అన్నది ఒక పుస్తకంలో రాసుకుని మీ రుమటాలజిస్టుకు చూపించండి. మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి రక్తపరీక్షలతో పాటు అదీ ముఖ్యమే. కళ్లు ఎర్రబడి బాగా నొప్పి పుట్టినా, చూపు తగ్గినా మాత్రం ఆ రోజే కంటి డాక్టర్ని కలవండి.

ఇంట్లోవాళ్లకు నా మాటగా చెప్పండి: పొద్దున మంచం దిగలేని మనిషి సాయంత్రం తిరగగలగడం ఈ జబ్బు సహజ లక్షణం. అది నటన కాదు, బద్ధకం అంతకన్నా కాదు. బరువు పనులు మధ్యాహ్నానికి మార్చుకోండి. లేవగానే చేతులు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి వేళ్లు మెల్లగా ఆడించండి. సంచి వేళ్లకు కాకుండా భుజానికి తగిలించుకోండి. కీళ్లు బాగా వాచిన రోజు విశ్రాంతి తీసుకోండి. తగ్గాక నడక, తేలికపాటి వ్యాయామం మానొద్దు. వాతం చేస్తాయని పప్పు, పాలు, వంకాయ అన్నీ మానేసి మరింత నీరసపడొద్దు.

ప్రశ్న: మా అమ్మకు ఇదే జబ్బు. వారానికి ఒక్కసారే వేసుకోమని మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఇప్పుడు నొప్పి లేదు. ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. నొప్పి లేదంటే మందు జబ్బును అదుపులో ఉంచిందని అర్థం. ఆపేస్తే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు కీలు ఒకసారి అరిగి వంకరపోతే మందులతో మళ్లీ మామూలు కాదు. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయే తప్ప ఆ నష్టాన్ని ఆపలేవు. చాలాకాలం అదుపులో ఉన్నాక మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఒక్క విషయం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. పొరబాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఫలానా రోజు అని క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆ రోజు మీరే దగ్గరుండి వేయించండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజుల్లో ఇవ్వండి. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి. జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా తర్వాతి మాత్ర వేసేముందే డాక్టరుకు ఫోన్ చేయండి.