ఇంజెక్టర్ మీద నింద వేసే ముందు

కార్బురేటర్ల కాలంలో స్పానర్ పట్టినవాణ్ణి. 2000 ప్రాంతంలో మారుతి 800కీ ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండర్‌కూ ఒక ఇంజెక్టర్ ఉండే పద్ధతి) వచ్చాక పని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. షెడ్డులో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. ఇంజెక్టర్ సొంతంగా ఏదీ నిర్ణయించదు. లోపల ఉన్నవి ఒక కాయిల్, ఒక స్ప్రింగు, ఒక సూది. ఇగ్నిషన్ తాళం తిప్పితే కాయిల్‌కు ఒకవైపు బ్యాటరీ కరెంటు వచ్చి ఉంటుంది. రెండోవైపు ఎర్త్ కలిపేది ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్. కలపగానే కాయిల్ అయస్కాంతమై సూదిని పైకి లాగుతుంది, పెట్రోలు సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఎర్త్ తెగగానే స్ప్రింగు సూదిని కిందికి నొక్కేస్తుంది. ఇదంతా కొన్ని మిల్లీసెకన్ల పని. ఎంతసేపు తెరవాలో గాలి, వేడి, ఆక్సిజన్ సెన్సర్లను చూసి ఈసీఎం లెక్క కడుతుంది. ఇంజన్ కాగినా చల్లగానే ఉందని కూలెంట్ సెన్సర్ తప్పు చెబితే చాలు, పెట్రోలు ఎక్కువ పడుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజెక్టర్ల తప్పేమీ ఉండదు.

2. ఇంజన్ మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగా మండకపోవడం) అనగానే ఇంజెక్టర్ కొనిపించకండి. ముందు ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్ చూడండి. అవి బాగుంటే అనుమానమున్న ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్సింగ్ కూడా దానివెంటే వెళ్తేనే లోపం దానిది.

3. గేజీ పెట్టి ప్రెషర్ చూడండి. చాలా పెట్రోలు బండ్లలో సుమారు 3 బార్ ఉండాలి. పంపు నీరసపడితే మంచి ఇంజెక్టర్ ఏం చేస్తుంది?

4. ఎప్పుడూ రిజర్వులో తిప్పవద్దని ఓనర్లకు చెప్పండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

5. రంధ్రాన్ని వైరుతో గీకకండి; తుంపర రూపమే చెడిపోతుంది. అల్ట్రాసోనిక్ మిషన్‌లో కడిగి, ఒక్కొక్కటి ఎంత పోస్తోందో గాజు గొట్టాల్లో సరిచూడండి. బిగించేటప్పుడు ఓ రింగులు కొత్తవే వేయాలి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే బండి తగలబడుతుంది. అవసరం లేకపోయినా ప్రతి సర్వీసుకూ క్లీనింగ్ బిల్లు వేయడం అన్యాయం.

6. డీజిల్ కామన్ రెయిల్ సంగతి వేరు. ప్రెషర్ 1,600 బార్ దాటే బండ్లున్నాయి. ఇంజన్ నడుస్తుండగా లీకు కోసం చేత్తో తడమకండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చిపోతుంటుంది. అలా జరిగితే గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి దూరిందని డాక్టరుకు చెప్పండి.