వేరుశనగ పరీక్షలో చిన్న గుర్తును పట్టుట ఎట్లు?

వేరుశనగను ఎగుమతికి ఇచ్చునపుడు ప్రయోగశాల నుండి వచ్చిన కాగితముపై "అఫ్లాటాక్సిన్ కనబడలేదు" అని యున్నచో సంతోషింతుము. కాని ఆ మాటకు "అసలే లేదు" అని అర్థము కాదు. దాని సరియైన అర్థము తెలిసినచో సరకు తిరిగివచ్చు నష్టమును కొంతవరకు తప్పించుకొనవచ్చును.

అఫ్లాటాక్సిన్ ఒక జాతి బూజు పుట్టించు విషము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, వాని మేతలోని వేరుశనగ పిండియే కారణమని తేలినది. నేరుగా తినుటకైన గింజలలో ఈ విషము మొత్తము కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని యూరోపియన్ యూనియన్ నియమము. అనగా క్వింటాలు గింజలలో అర మిల్లీగ్రామైనను ఉండరాదు.

ఇంత స్వల్పమును ఎట్లు కొలుతురు? గింజలను పొడిచేసి, విషమును ద్రావకములోనికి తీసి, ప్రత్యేక పదార్థము నింపిన సన్నని గొట్టము గుండా పంపుదురు. అందులోని పదార్థములు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళకు బయటకు వచ్చును. దీనినే క్రొమటోగ్రఫీ అందురు. అతినీలలోహిత కాంతి సోకగా అఫ్లాటాక్సిన్ మెరయును. ఆ మెరుపును పరికరము గీతగా గీయును. విషము వచ్చినచోట గీత శిఖరము వలె లేచును.

అయితే విషము లేనిచోట కూడ గీత నిలకడగా నుండక వణకుచుండును. చిన్న శిఖరము ఆ వణకులో మరుగుపడును. శిఖరము వణకుకు 3 రెట్లున్నచో "ఉన్నది" అనియు, 10 రెట్లున్నచో "ఇంత ఉన్నది" అనియు చెప్పుట వాడుక.

వణకును తగ్గించుటకు రెండు ఉపాయములు కలవు:

1. సగటు తీయుట: గాలికి ఊగు త్రాసుపై ఒక్కమారు తూచిన నమ్మకము చాలదు, పలుమారులు తూచి సగటు తీసిన నిజమునకు దగ్గరగును. ఇచ్చటను అంతే. 16 కొలతల సగటు తీసినచో వణకు నాలుగవ వంతుకు తగ్గును.

2. గీతను నునుపుచేయుట: ప్రక్క ప్రక్కనున్న బిందువులకు చక్కగా నప్పు వంపును లెక్కగట్టి గీతను సరిదిద్దుదురు. సవిట్స్కీ, గోలే అను శాస్త్రజ్ఞులు 1964లో ప్రకటించిన ఈ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. మితిమీరి నునుపుచేసినచో శిఖరమే అణగిపోవును.

కావున ఈ క్రింది విషయములను గమనింపుడు:

• ప్రయోగశాల ఎంత తక్కువ వరకు కొలువగలదో ముందుగా అడుగుడు. అది కిలోకు 5 మైక్రోగ్రాములైనచో, 4 పరిమితి గల కొనుగోలుదారునికి ఆ కాగితము పనికిరాదు.

• విషము కుప్పయంతట సమముగా నుండదు. కొద్ది గింజలలోనే అధికముగా చేరియుండవచ్చును. పై బస్తా నుండి పిడికెడు తీసిన చాలదు. అనేక బస్తాల నుండి, పైన, నడుమ, అడుగున తీసి కలిపి పంపుడు. నమూనాలో లేనిదానిని ఏ లెక్కయు చూపజాలదు.

• పరీక్ష విషమును చూపునే గాని తీసివేయదు. పక్వమైన వెంటనే పీకి, కాయలను తేమ 8 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టుడు. పగిలిన, ముడుతపడిన, బూజుపట్టిన కాయలను ఏరివేయుడు. తడి నేలపై బస్తాలు ఉంచకుడు.

కళ్లములో తీసికొన్న జాగ్రత్తయే ప్రయోగశాలలోని గీతను శిఖరము లేకుండ నిలుపును.