దీపానికిచ్చిన సొమ్ము, అంగడిలోని సొమ్ము

తంజావూరు బృహదీశ్వరాలయ శాసనాలలో అఖండ దీపాలకు జరిగిన దానాల వివరాలు విస్తారంగా కలవు. రాజరాజ చోళుని కాలంలో అక్కడ ఒక్కొక్క దీపానికి 96 గొర్రెలను గాని, 48 ఆవులను గాని, 16 గేదెలను గాని నిర్ణయించారు. మందను స్వీకరించిన కాపరి దినానికి ఒక ‘ఉళక్కు’ చొప్పున నెయ్యి కొలిచి ఇవ్వాలి. ముసలివి గతించినా, పుట్టిన పిల్లలతో మంద సంఖ్యను నిలపవలసిన బాధ్యత అతనిదే. అందుకే తమిళ శాసనాలు వాటిని చావనివి, ముసలివి కానివి అని పేర్కొన్నాయి. మన ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలలోనూ దీపాలకు గొర్రెలనిచ్చిన దాతలు కనిపిస్తారు.

మంద మూలధనం, నెయ్యి దాని ఫలం. ఫలాన్ని వినియోగించవచ్చును గాని మూలధనాన్ని తాకరాదు. ఒక దీపపు మందను మరొక పనికి మళ్లించరాదు. చిన్న ధర్మసంస్థల లెక్కలు, వాటి అనుబంధ పూజాద్రవ్యాల అంగళ్ల లెక్కలు చాలా ఏళ్లుగా పరిశీలిస్తున్న నాకు, ఇంతకన్న మంచి పాఠం గణకశాస్త్ర గ్రంథాలలో దొరకలేదు.

నేడు చాలాచోట్ల జరుగుతున్నది వేరు. అన్నదానానికి వచ్చిన విరాళం, గోపుర నిర్మాణానికి వచ్చినది, అంగడిలో పుస్తకాలమ్మిన పైకం అన్నీ ఒకే పెట్టెలో చేరుతాయి. పెట్టె నిండుగా ఉన్నది కనుక సంస్థ బాగున్నదని కార్యవర్గం భావిస్తుంది. ఒకే బ్యాంకు ఖాతా ఉండటం దోషం కాదు. పుస్తకంలో ఏ నిధికి ఆ పుట వేరుగా ఉంటే చాలును.

శాశ్వత పూజల విషయం చూడండి. పది వేల రూపాయలు స్వీకరించి, ఏటా ఒకనాడు దాత గోత్రనామాలతో అర్చన చేస్తామని మాట ఇస్తాము. నూటికి ఆరు వడ్డీ వస్తే ఏడాదికి 600 రూపాయలు. పూలు, పండ్లు, ప్రసాదం కలిపి అర్చనకు 900 అవుతున్నదనుకుందాం. తక్కిన 300 ఎవరివి? అన్నదానానికిచ్చిన మరొక దాతవి. పాత దాతకిచ్చిన మాట తప్పరాదు, కనుక కొత్తగా చేరేవారికి నిర్ణయించే మొత్తాన్ని పెంచవలసి ఉంటుంది. ఇదే వడ్డీకి 900 రావాలంటే 15,000 కావాలి. ఈ లెక్కను మూడేళ్లకొకసారి అయినా తిరిగి వేయాలి.

ఇక అంగడి. ఇక్కడ మోసపుచ్చేది గల్లాపెట్టె. ఉగాదికి ముందు 60 రూపాయల చొప్పున వంద పంచాంగాలు తెప్పించి, 80కి అమ్మారనుకోండి. డెబ్బది అమ్ముడుపోయాయి. పెట్టెలో 5,600 ఉన్నది, అందరికీ సంతోషమే. కాని కొనుగోలుకు అయినది 6,000. మిగిలిన ముప్పది ప్రతులు ఉగాది దాటిన కొద్ది వారాలకు చిత్తుకాగితాలు. అంటే 400 నష్టం. ఎనభై మాత్రమే తెప్పించి ఉంటే, అదే అమ్మకానికి 800 లాభం వచ్చేది. నిరుడు ఎన్ని అమ్మాయో వ్రాసిపెట్టుకుంటే ఈ ఏటి కొనుగోలుకు ఆధారం దొరుకుతుంది. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా అని ప్రచురణకర్తను ముందే అడగడంలో సంకోచమెందుకో నాకు అర్థం కాదు!

సరుకు నిల్వ లెక్క మరింత సున్నితమైనది. నేను చూచిన ఒక సంస్థలో హారతి కర్పూరం విడిగా రెండు కిలోలు కొన్నారు. అమ్మినది కిలో ఆరువందల గ్రాములు. డబ్బాలో ఉన్నది మూడువందలు. వంద గ్రాముల లోటు గురించి కార్యవర్గ సమావేశంలో ప్రశ్న వచ్చింది. ఆ అంగడిని జీతం లేకుండా చూచుకుంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఏమీ అనక, తాళపుచెవులు బల్లపై ఉంచి వెళ్లిపోయారు. కర్పూరం గాలికి ఆవిరవుతుంది, మూత వదులైన డబ్బాలో మరీ త్వరగా. నేను డబ్బాను తూచి, కొన్నాళ్లకు మరల తూచి చూపాను. సభ్యులు ఒప్పుకొని ఆయన ఇంటికి కూడా వెళ్లారు. ఆయన మాత్రం మరల అంగడి వైపు రాలేదు.

నిల్వ పుస్తకంలో ‘తరుగు’ అని ఒక గడి ఉండి, నెలనెలా ఇద్దరు కలిసి తూచి సంతకాలు చేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ధనాపహరణకు నలభై మార్గాలను లెక్కించాడు. ఆ నలభైని పట్టుకొనుటకే లెక్కలని చాలామంది తలుస్తారు. నిర్దోషిని కాపాడేవీ ఆ లెక్కలే. కొబ్బరికాయలలో కుళ్లినవి, అగరువత్తులలో వాసన పోయినవి, తడిసిన పుస్తకాలు ఇవన్నీ ఆ గడిలోనివే. పైకం పుచ్చుకునే చేయి, లెక్క వ్రాసే చేయి వేరువేరుగా ఉండాలి. ఇద్దరే సేవకులున్న చోట నెలకొకసారి పనులు మార్చుకోవచ్చును.

విరాళపు రసీదులో నిధి పేరు తప్పక వ్రాయండి. ఆదాయపు పన్ను మినహాయింపు కోరే దాతకు మరొక సంగతి ముందే తెలపాలి. 2,000 రూపాయలకు మించిన విరాళాన్ని నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. అట్టివారి వద్ద చెక్కు గాని, బ్యాంకు బదిలీ గాని స్వీకరించి, ఆ వివరాన్ని కూడా రసీదుపై వ్రాసి ఇవ్వండి.