షీఆన్ నగరానికి బయలుదేరకముందు

విదేశాలకు విద్యార్థులై వెళ్ళివచ్చినవారు వ్రాసే వ్యాసాలు కళాశాల సంచికలలో తరచుగా కానవస్తాయి. వెళ్ళకముందు వ్రాసినవి అరుదు. "చూడని ఊరిని గురించి ఏమి వ్రాయగలవు?" అని మిత్రులు పరిహసించినారు. చూసిన తరువాత వ్రాయవచ్చును గాని, అప్పటికి మునుపు ఏమనుకున్నదీ మరచిపోవడం మానవ సహజం. కావున వైద్యవిద్యకై నేను వెళ్ళబోతున్న షీఆన్ నగరాన్ని గురించి ఈ సంవత్సరమంతా చదివి తెలుసుకొన్నదానిని, అక్కడ నేను ఆశిస్తున్నదానిని, భయపడుతున్నదానిని కూడ ఇప్పుడే వ్రాసిపెట్టుకొంటున్నాను.

షీఆన్ చైనాలోని షాన్‌శీ రాష్ట్రానికి రాజధాని. దక్షిణాన ఛిన్‌లింగ్ పర్వతశ్రేణి, ఉత్తరాన వెయ్ నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఇంచుమించు 1 కోటి 30 లక్షల మంది నివసిస్తున్నారు. దీని పూర్వనామం చాంగాన్, అనగా చిరకాల శాంతి. హాన్, థాంగ్ మొదలైన వంశాలు ఇక్కడినుండే పాలించినవి. పట్టు వర్తకుల మార్గానికి తూర్పు కొస ఈ నగరమే. 14వ శతాబ్దంలో మింగ్ వంశీయులు కట్టించిన కోటగోడ సుమారు 14 కిలోమీటర్ల చుట్టుకొలతతో నేటికీ చెక్కుచెదరక ఉన్నది. 1974లో బావి త్రవ్వుతున్న రైతులకు మట్టి సైనికుల విగ్రహాలు బయల్పడినది ఈ నగరానికి తూర్పుననే. వాటిని గురించి అందరికీ తెలిసినదే కనుక విస్తరించను.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది వేరొక సంగతి. మన చరిత్ర పాఠాలలో హ్యుయాన్‌త్సాంగ్ అని చదువుకొన్న బౌద్ధయాత్రికుడు బయలుదేరినదీ, తిరిగి చేరినదీ ఈ చాంగాన్‌కే. 7వ శతాబ్దంలో ఆయన ఆంధ్రదేశానికి వచ్చి, కృష్ణాతీరాన ధాన్యకటకంలో కొన్ని మాసాలు నిలిచి శాస్త్రాధ్యయనం చేసినాడు. 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, శేషజీవితమంతా వాటి అనువాదానికే వినియోగించినాడు. ఆ గ్రంథాలను భద్రపరచుటకై 652లో కట్టిన గోపురం, తరువాతి కాలంలో పునర్నిర్మాణం పొంది, ఏడు అంతస్తులతో 64 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచి ఉన్నది. మా జిల్లా నేలపై నడిచిన వ్యక్తి మోసుకుపోయిన పుస్తకాల ఇంటిని నేను చూడబోతున్నాననే భావన, ప్రవేశపత్రం చేతికి వచ్చిన రోజు కంటె ఎక్కువ సంతోషాన్ని కలిగించింది. ఆయన రాజాజ్ఞను ధిక్కరించి రహస్యంగా సరిహద్దు దాటినాడని చెబుతారు. నాకు మాత్రం ఎన్ని పత్రాలపై ఎన్ని ముద్రలు కావలసివచ్చినవో వ్రాయ నారంభిస్తే ఈ వ్యాసం చాలదు!

మా నానీకి ఈ చరిత్ర ఏదీ పట్టలేదు. "అక్కడ తినడానికేమున్నదే?" అన్నది ఆమె ఏకైక ప్రశ్న. దానికి సమాధానం వెదకుతూ పోగా తెలిసినది ఏమనగా, షీఆన్‌లో శతాబ్దాలుగా హుయీ ముస్లింలు నివసిస్తున్నారు. నగారా బురుజు వెనుక వారి పేట ఉన్నది. ఆ పేటలోని మహా మసీదు పుట్టుక 742 నాటిదని సంప్రదాయం. నేడున్న కట్టడాలలో ఎక్కువ భాగం మింగ్ కాలానివి, ఆ తరువాతివి. దానికి గుమ్మటం లేదు, మనకు పరిచితమైన మీనారులూ లేవు. వంపు తిరిగిన పెంకుల కప్పులు, ఒకదాని వెంట ఒకటిగా ప్రాంగణాలు, మధ్యలో మీనారు స్థానాన అంతస్తుల మండపం. చైనా దేవాలయాలు సాధారణంగా దక్షిణాభిముఖంగా ఉంటాయి. ఈ మసీదు మాత్రం తూర్పు పడమరలుగా సాగుతుంది, ఎందుకంటే అక్కడివారికి మక్కా పడమటి దిక్కున ఉన్నది. రూపమంతా ఆ దేశానిది, దిక్కు మాత్రం తనది. చిత్రపటంలో చూసినప్పుడే నేను చాలసేపు పేజీ త్రిప్పలేదు.

హలాల్ భోజనశాలలపై "ఛింగ్‌జెన్" అనే రెండక్షరాలు ఉంటాయట. చైనీసు భాషలో నేను మొట్టమొదట గుర్తుపట్టడం నేర్చుకొన్న అక్షరాలు అవే. అక్కడి ప్రసిద్ధ వంటకంలో గట్టి రొట్టెను తినేవాడే తన చేతులతో చిన్న చిన్న ముక్కలుగా త్రుంచి ఇవ్వాలి. వంటవాడు దానిని మాంసపు పులుసులో ఉడికించి తెచ్చిపెడతాడు. ఇది విన్నాక నానీ కొంత శాంతించింది. "మన షోర్వాలో రొట్టె వేసుకొన్నట్లే గదా!" అన్నది.

నాన్నగారి ప్రశ్నకు సమాధానం అంత సులభంగా దొరకలేదు. మా ఖాలా కుమారుడు 2019లో చైనాలోని మరొక నగరంలో వైద్యవిద్యలో చేరి, 2020 జనవరిలో సెలవులకు ఇంటికి వచ్చినాడు. ఆ నెలలోనే కరోనా విజృంభించి, ఆ తరువాత సరిహద్దులు మూతపడినవి. విద్యార్థులకు తిరిగి వీసాలు ఇవ్వడం 2022 ఆగస్టు వరకు మొదలుకాలేదు. రెండున్నర సంవత్సరాలు ఆయన శవపరీక్షను, రోగిపరీక్షను సెల్‌ఫోన్ తెరపైనే నేర్చుకొన్నాడు. ఇంటి ముందరి గదిలో చెవిలో తీగ పెట్టుకొని, ఎవరి నాడీ పట్టకుండా, హృద్రోగ లక్షణాలను వల్లెవేసే ఆయనను నేను కళ్ళారా చూసినాను. ఇది ఆయన దోషమని ఎవరనగలరు?

ఆయన సంగతి అటుంచినా, అంకెలు భయపెట్టేవే. 2015 నుండి 2021 వరకు చైనాలో చదివి మన దేశపు అర్హతా పరీక్షకు కూర్చున్నవారు 40,417 మంది కాగా, ఉత్తీర్ణులైనవారు 6,387 మంది అని బీజింగులోని భారత రాయబార కార్యాలయమే 2022లో ప్రకటించింది. అంటే ఆరుగురిలో ఒక్కరు! ఆ పరీక్ష 300 మార్కులకు. 150 వస్తే చాలు. ఇక 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో చదువు 54 నెలలకు తగ్గరాదు, బోధన ఆంగ్లంలో ఉండాలి, 12 నెలల ఆసుపత్రి శిక్షణ అక్కడే పూర్తిచేయాలి, ఆ దేశంలో అక్కడి పౌరులవలె వైద్యవృత్తి చేసే అర్హత కూడ పొందాలి. దళారులు పంచే రంగురంగుల కరపత్రాలలో వసతిగృహపు బొమ్మలుంటాయి గాని ఈ చివరి మాట ఉండదు. నాన్నగారు మా రెండెకరాలలో ఒక ఎకరం అమ్మడానికి ముందు నాచేత ఆ నిబంధనలను మూడుసార్లు బిగ్గరగా చదివించినారు.

మూడవసారి చదివినప్పుడు నాకొకటి స్ఫురించింది. పాఠాలు ఆంగ్లంలో చెప్పవచ్చును; రోగి మాత్రం ఆంగ్లంలో మూలగడు. వార్డులో పడుకొన్న షాన్‌శీ వృద్ధురాలికి ఎక్కడ నొప్పియో ఆమె భాషలో అడగలేని విద్యార్థి, ఆసుపత్రిలో ఉండీ మా అన్నయ్య వలె తెర ముందు కూర్చున్నవాడే అవుతాడు. హ్యుయాన్‌త్సాంగ్ సంస్కృతం నేర్చినందువల్లనే ఆ గ్రంథాలు ఆయనకు ఉపయోగపడినవి. అందుచేత విమానం ఎక్కకముందే భాష మొదలుపెట్టినాను. ఇది తేలిక అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. "మా" అనే ఒకే శబ్దం, పలికే స్వరాన్ని బట్టి అమ్మ, జనుము, గుఱ్ఱము, తిట్టు అని నాలుగు విధాలుగా మారుతుంది. అమ్మను పిలవబోయి గుఱ్ఱమని అంటానేమోనని నా భయం. ఆరు నెలలలో మూడువందల అక్షరాలు వచ్చినవి. వార్తాపత్రిక చదవాలంటే రెండు మూడు వేలు కావాలట.

చిన్న సంగతులు కూడ కొన్ని తెలుసుకొన్నాను. దేశమంతటికీ ఒకే గడియారం. అది మనకంటె రెండున్నర గంటలు ముందు. షీఆన్ ఆ కాలరేఖకు పడమరగా ఉన్నందున అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం పన్నెండు దాటి మూడు పాతిక గంట అవుతుంది. నమాజు వేళలు చూసుకొనేవారు ఇది గమనించాలి. జనవరిలో నీరు గడ్డకట్టే చలి. మనం వాడే వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయదు కనుక అమ్మకు వేరొక యాప్ నేర్పుతున్నాను. ఆమె నాకంటె త్వరగా నేర్చుకొంటున్నది.

నాకు రోజూ అభ్యాసానికి దొరికిన రోగి నానీయే. ఆమెకు చాలకాలంగా మోకాళ్ళ నొప్పులు. మొదటి రోజు నేను ఆమె మంచం ప్రక్కన కూర్చొని, పుస్తకంలో ఉన్నట్లు "నాలీ థంగ్?" అని అడిగినాను. ఎక్కడ నొప్పి అని దాని అర్థం. ఉర్దూలో నాలీ అంటే మురుగు కాలువ గదా! "నాలీకి ఏమైంది? నిన్ననే గదా శుభ్రం చేయించినాము," అన్నది. ఇప్పుడు మాత్రం ప్రశ్న పూర్తికాకముందే కుడి మోకాలు చూపిస్తుంది. నిన్న రాత్రి ఎడమది చూపించింది. ఎడమకు చైనీసులో ఏమంటారో నాకు వెంటనే గుర్తుకు రాలేదు. పుస్తకం తెరిచి వెదుకుతుండగా ఆమె నిద్రపోయింది.