చిట్టికి తోడు కావాలా?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో సామాను మూడు భాగాలవుతుంది: తీసుకెళ్లేది, అమ్మేది, ఇచ్చేసేది. కిందటి జూన్‌లో మా పక్క క్వార్టర్ వాళ్లు రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం వెళ్తూ మాకు రెండు తులసి కుండీలు, ఒక పంజరం ఇచ్చారు. పంజరంలో ఒకే ఒక పచ్చ పిట్ట ఉంది. దాని జత మే నెల ఎండల్లో చనిపోయిందట. "లవ్‌బర్డ్స్ కదా, ఒక్కటే ఉంటే బెంగతో చచ్చిపోతుంది. ఇంకోటి కొనండమ్మా" అని చెప్పి ఆంటీ రైలెక్కారు.

మేము అక్కాతమ్ముళ్లం. పిట్టకు చిట్టి అని పేరు పెట్టాం. ఆ రోజే ఇంకోటి కొందామని నాన్న వెంట పడ్డాం. "కొనే ముందు తెలుసుకోండి. ఎందుకు కావాలో, ఎందుకు వద్దో రెండూ కాగితం మీద రాసి చూపించండి" అన్నారు నాన్న. ఆ కాగితమే ఈ వ్యాసం.

1. మన ఇంట్లో ఉన్నది ఏ పక్షి?

మొదటి సంగతి, చిట్టి లవ్‌బర్డ్ కాదు. మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టల్లో ఎక్కువ బడ్జెరిగార్లు. వీటినే బడ్జీలు అంటారు. వీటి సొంత దేశం ఆస్ట్రేలియా. అక్కడి పొడి నేలల్లో నీళ్లు, గింజలు వెతుక్కుంటూ పెద్ద గుంపులుగా తిరుగుతాయి. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికా ఖండానివి. అవి కాస్త బొద్దుగా, పొట్టి తోకతో ఉంటాయి. బడ్జీ తోక పొడుగ్గా ఉంటుంది.

ఈ తేడా ఎందుకు? ఆంటీ చెప్పిన భయం పేరు వల్ల వచ్చింది. జత పోయిన బడ్జీ బెంగతో తప్పకుండా చనిపోతుందనేం లేదు. కానీ అది గుంపులో బతికే పక్షి. రోజంతా తోటి పిట్టల కూత వినడం, ఒకదాని ఈకలు ఒకటి సరిచేసుకోవడం దాని స్వభావం. స్విట్జర్లాండ్‌లో 2008లో వచ్చిన జంతు సంరక్షణ నియమాల ప్రకారం ఇలాంటి పక్షులను ఒంటరిగా ఉంచకూడదు.

ఇంకో జాగ్రత్త. పెరట్లో జామచెట్టు మీద వాలే రామచిలుక సంగతి పూర్తిగా వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. కాబట్టి రామచిలుకకు జత కొనడం అనే ప్రశ్నే లేదు.

2. ఒంటరితనమా, జబ్బా?

చిట్టి మధ్యాహ్నాలు ముడుచుకొని కూర్చునేది. మేము దాన్ని బెంగ అనుకున్నాం. నిజానికి జబ్బు చేసిన పిట్ట కూడా అలాగే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకోవడం, పంజరం అడుగున కూర్చోవడం, తోక ఎగరేస్తూ ఊపిరి తీయడం, రెట్ట రంగు మారడం జబ్బు గుర్తులు. ఈకలు తనే పీక్కోవడం ఒంటరితనం వల్ల కావచ్చు, పురుగు వల్లా కావచ్చు. జబ్బు పిట్ట పక్కన కొత్త పిట్టను పెడితే రెండూ పోవచ్చు. అందుకే ముందు పశువైద్యుల దగ్గరికి వెళ్లాలి.

డాక్టర్‌గారు చిట్టిని చూసి జబ్బేమీ లేదన్నారు. పంజరం మాత్రం కూలర్ గాలికి ఎదురుగా పెట్టవద్దన్నారు. ఒట్టి కొర్రలే కాకుండా పాలకూర, కొత్తిమీర, క్యారెట్ తురుము కూడా పెట్టమన్నారు.

3. ఇప్పుడు దానికి తోడు ఎవరు?

మేమే కదా అనుకున్నాం. ఒక వారం పాటు పంజరం దగ్గర కాగితం కట్టి, చిట్టితో ఎవరు ఎంతసేపు గడిపారో రాశాం. ఉదయం ఏడుంబావుకి స్కూల్ బస్సు. వచ్చాక భోజనం, ట్యూషన్, హోంవర్క్. అమ్మకీ ఆఫీసు. అన్నీ కూడితే రోజుకు నలభై నిమిషాలు కూడా రాలేదు. చిట్టి అంటే మాకు ప్రాణం అని అందరికీ చెప్పేవాళ్లం. కాగితం మాత్రం వేరే మాట చెప్పింది.

పంజరంలో అద్దం పెడితే సరిపోతుందని మా మిత్రులు అన్నారు. అద్దంలోని పిట్ట బదులు పలకదు, ఈకలు దువ్వదు. కొన్ని పక్షులు ఆ బొమ్మకే అలవాటుపడి, తిన్నది కక్కి దానికి తినిపించబోతాయి. అద్దం తోడు కాదు.

4. తోడు తేవడమంటే ఏం చేయాలి?

ఇక్కడ మన రాష్ట్ర పక్షి బస్తర్ పహాడీ మైనా కథ తెలుసుకోవాలి. మనిషిలా మాట్లాడే ఈ పక్షి అడవిలో తగ్గిపోతోందని, జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం కట్టి కొన్నిటిని పెంచారు. ఏళ్ల తరబడి చూసినా పిల్లలు కలగలేదు. ఈ మైనాల్లో ఏది ఆడదో, ఏది మగదో చూపుకు తెలియకపోవడం అక్కడ ఎదురైన పెద్ద చిక్కు. ఇప్పుడు కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో, అవి గూళ్లు పెట్టే చెట్లను చుట్టుపక్కల గ్రామాల యువకులే కాపాడుతున్నారు. వాళ్లను మైనా మిత్రులు అంటారు. రెండు పక్షులను ఒకచోట పెట్టినంత మాత్రాన అవి జత కావు. మేము దీనినుంచి నేర్చుకున్నది అదే.

బడ్జీల్లో గుర్తుపట్టడం సులువు. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని పట్టీ, ఎదిగిన మగ పిట్టలో సాధారణంగా నీలంగా, ఆడ పిట్టలో గోధుమ రంగులో ఉంటుంది. చిట్టి పట్టీ నీలం, అంటే మగది. రెండు మగ పిట్టలు ఎక్కువగా స్నేహంగానే ఉంటాయి. రెండు ఆడ పిట్టలు ఒక్కోసారి గట్టిగా కొట్టుకుంటాయి. ఆడ, మగ కలిస్తే నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టవచ్చు. సుమారు పద్దెనిమిది రోజుల్లో పిల్లలు వస్తాయి. అంతమందిని పెంచలేకపోతే గూడు పెట్టె కట్టకూడదు. బడ్జీ పక్కన అసలు లవ్‌బర్డ్‌ను పెట్టకూడదు. అది బడ్జీ కాళ్లు కొరికేస్తుంది.

కొత్త పిట్టను ముప్పై రోజులు వేరే గదిలో ఉంచాలి. జబ్బు ఏదైనా ఉంటే ఆలోగా బయటపడే అవకాశం ఎక్కువ. తర్వాత రెండు పంజరాలూ పక్కపక్కన పెట్టాలి. ఆపైనే కలపాలి. రెండిటికీ పెద్ద పంజరం కావాలి. ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే పిట్ట ఎగిరేది అడ్డంగా.

5. మనలాంటి ఇళ్లకు మాత్రమే ఉన్న ప్రశ్న

చాలా బడ్జీలు ఐదు నుంచి పదేళ్లు బతుకుతాయి. నాన్న ఒక ఊళ్లో ఉండేది మూడు నాలుగేళ్లు. అంటే చిట్టి బతుకులో కనీసం ఒక బదిలీ ఉంది. "అప్పుడు మీరూ ఆంటీలాగే ఎవరికో ఇచ్చేస్తారా?" అని అమ్మ అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

కొత్త స్కూల్లో మొదటి వారం ఎలా ఉంటుందో మనకు తెలుసు. లంచ్ డబ్బా ఎవరి పక్కన కూర్చొని తెరవాలో తెలియదు. చిట్టి అలా ఎన్నో నెలలుగా ఉంది.

6. మా నిర్ణయం

ముందు ఒక నెల మమ్మల్ని మేము మార్చుకొని చూశాం. పంజరాన్ని వంటింటి వరండా నుంచి హాల్లోకి తెచ్చాం. హోంవర్క్ దాని పక్కనే చేశాం. సాయంత్రాలు చిట్టి కబుర్లు మొదలుపెట్టింది. కానీ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజున అమ్మ గమనిస్తే, మేము లేని వేళ అది కదలకుండా కూర్చునే ఉంది. అప్పుడు కాగితం మీద 'తోడు కావాలి' అని రాశాం.

దుకాణానికి వెళ్లలేదు. కాలనీలో ఇంకో కుటుంబం బదిలీ మీద వెళ్తూ తమ ఒంటరి బడ్జీని ఎవరికి ఇవ్వాలా అని చూస్తోంది. నీలం రంగు మగ పిట్ట. దాన్ని తెచ్చి ముప్పై రోజులు లోపలి గదిలో ఉంచాం. ఐదో రోజుకే గోడ అవతలి నుంచి ఒకటి పిలిస్తే ఇవతలి నుంచి ఇంకొకటి బదులు పలికింది. కలిపిన రోజు గింజల గిన్నె దగ్గర కొట్టుకున్నాయి. రెండో గిన్నె పెట్టాక సర్దుకున్నాయి.

ఒక నష్టం కూడా చెప్పాలి. చిట్టి ఇప్పుడు మా వేలి మీదకు మునుపటిలా రావడం లేదు. తమ్ముడు రెండు రోజులు అలిగాడు. కానీ తోడు తెచ్చింది దాని కోసమే కదా, మా కోసం కాదు.

కాగితం చివర మేమిద్దరం సంతకం పెట్టిన మాట ఇది: బదిలీ వస్తే రెండూ మాతోనే వస్తాయి. తీసుకెళ్లలేకపోతే రెండిటినీ ఒకే ఇంటికి ఇస్తాం. విడదీయం. ఆ కాగితాన్ని నాన్న పంజరం పక్కన గోడకు అంటించారు.

ఆలోచించండి – చేయండి

1. మీ ఇంట్లో పెంపుడు పక్షి ఉంటే, ఒక వారం పాటు దానితో ఎవరు ఎంతసేపు గడిపారో రాయండి. కూడిక చూసి ఆశ్చర్యపోయారా?
2. మీరు పనిచేసే వేళలు మారితే సరిపోతుందా, ఇంకో పక్షి కావాలా? రెండు వైపులా కారణాలు రాయండి.
3. మీ ఇంటికి బదిలీ వస్తే ఆ పక్షి ఎక్కడ ఉంటుంది? ఇంట్లో అందరినీ అడిగి జవాబు రాయండి. జవాబు దొరక్కపోతే, కొత్త పక్షిని తేవద్దు.