తల తిరుగుడు – ఎం.ఆర్.ఐ. స్కానింగ్ ఎవరికి అవసరం?

"ఇల్లంతా గిర్రున తిరుగుతోంది" అంటూ మంచం పట్టుకున్న మనిషిని చూస్తే ఇంటివారికి భయం వేస్తుంది. కొందరు "పైత్యం, అదే తగ్గుతుంది" అని ఊరుకుంటారు. మరికొందరు అప్పు చేసి స్కానింగ్‌కు పరుగెత్తుతారు. చెన్నూరు చుట్టుప్రక్కల పల్లెలవారికి ఈ పరీక్ష అంటే మంచిర్యాలకో, కరీంనగర్‌కో ప్రయాణం, ఖర్చు. కాబట్టి అది ఎవరికి అవసరమో ముందే తెలుసుకోవడం మంచిది.

లోపలి చెవి చేసే పని

చెవి వినడానికి మాత్రమే కాదు, మనం పడిపోకుండా నిలబడడానికి కూడా. లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార గొట్టాలు ఉంటాయి. తల కదిలినప్పుడు ఆ కదలిక నరం ద్వారా మెదడుకు తెలుస్తుంది. ప్రక్కనే ఉన్న సంచిలో సన్నని కాల్షియం కణాలుంటాయి. వయసు పెరిగినప్పుడు, తలకు దెబ్బ తగిలినప్పుడు ఇవి ఊడి గొట్టంలోకి జారవచ్చు. అప్పుడు పడకలో ప్రక్కకు ఒత్తిగిలినా, పైకి చూసినా తల తిరుగుతుంది. సాధారణంగా ఒక నిమిషంలోపు ఆగిపోతుంది. తల తిరుగుడుకు తరచుగా కనిపించే కారణం ఇదే.

ఈ కణాలు ఎం.ఆర్.ఐ.లో కనిపించవు. రోగి తల ఒక ప్రక్కకు త్రిప్పి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, డాక్టరు కళ్ళ కదలికను చూస్తారు. డిక్స్, హాల్‌పైక్ అనే డాక్టర్లు 1952లో వివరించిన పరీక్ష ఇది. తలను వరుసగా త్రిప్పుతూ కణాలను బయటకు జార్చే చికిత్సను అమెరికా డాక్టరు ఎప్లీ 1992లో ప్రచురించారు. చాలామందికి ఒకటి రెండుసార్లతో తగ్గుతుంది. డాక్టరు నేర్పకుండా ఇంట్లో చేయవద్దు.

ఎం.ఆర్.ఐ. ఎప్పుడు?

1. ఒక చెవికే వినికిడి తగ్గినా, ఒక చెవిలోనే హోరు ఉన్నా ముందుగా వినికిడి పరీక్ష చేస్తారు. తేడా ఉంటే చెవి నరం మీద గడ్డ ఉందేమోనని ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఈ గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. చిన్న గడ్డ సి.టి.లో కనిపించకపోవచ్చు.

2. మెనియర్ జబ్బులో తల తిరగడం గంటల తరబడి ఉంటుంది. చెవి బరువెక్కి, హోరు వస్తుంది. రోగి చెప్పే వివరాలు, వినికిడి పరీక్షే దీనికి ముఖ్యం. వేరే కారణం లేదని తేల్చడానికి ఎం.ఆర్.ఐ. తీస్తారు.

3. చిన్నమెదడులో స్ట్రోక్ అనే అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తప్పనిసరి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

అకస్మాత్తుగా మొదలై ఆగని తల తిరుగుడు, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మ్రింగలేకపోవడం, మూతి వంకర, తీవ్రమైన తలనొప్పి – వీటిలో ఏది ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదలైన సమయం వ్రాసుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. బి.పి., షుగర్, బీడీ అలవాటు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త.

మొదటి రెండు రోజుల్లో చిన్న స్ట్రోక్ ఎం.ఆర్.ఐ.లో కూడా కనిపించకపోవచ్చు. రిపోర్టు బాగున్నా రోగి నిలబడలేకపోతే ఆ సంగతి డాక్టరుకు మళ్ళీ చెప్పండి.

స్కానింగ్‌కు ముందు

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. పెద్ద అయస్కాంతం ఉంటుంది. గుండెలో పేస్‌మేకర్, చెవిలో అమర్చిన యంత్రం, శరీరంలో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. సింగరేణిలోనో, వర్క్‌షాపులోనో వెల్డింగ్, గ్రైండింగ్ చేసినవారి కంటిలో ఇనుప రవ్వ ఉండిపోయి ఉండవచ్చు; అదీ చెప్పండి. కిడ్నీ జబ్బు, గర్భం సంగతి దాచవద్దు. మెట్టెలు, పుస్తెలు, పిన్నులు తీసి ఇంటివారి దగ్గర ఉంచాలి. కావాలంటే పసుపుకొమ్ము కట్టిన నూలుదారం వేసుకోవచ్చు. యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది. దాదాపు అరగంట కదలకుండా పడుకోవాలని రోగికి ముందే చెప్పి ధైర్యమివ్వండి.

ఇంట్లో జాగ్రత్తలు

తగ్గేవరకు రోగిని బండి నడపనివ్వవద్దు, బావి దగ్గరకు, గోదావరి స్నానానికి ఒంటరిగా పంపవద్దు. రాత్రి బాత్‌రూముకు వెళ్ళే దారిలో లైటు ఉంచండి. తల ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు, ఏ చెవిలో హోరు – ఇవి కాగితం మీద వ్రాసి తీసుకురండి. స్కానింగ్ అవసరమా కాదా అని నిర్ణయించడానికి ఆ కాగితం డాక్టరుకు ఎంతో సహాయపడుతుంది.