వెన్నెముక లేని ప్రాణికి బాధ ఉండదా?

ఏ కళాశాల జంతుశాస్త్ర మ్యూజియానికి వెళ్ళినా ఫార్మలిన్ సీసాల్లో సెపియా, లోలిగో, ఆక్టోపస్ కనిపిస్తాయి. ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్‌గా పెడితే మొలస్కా వర్గం, సెఫలోపొడా విభాగం అని రాసి, చూషకాలు, సిరా సంచి అని రెండు లక్షణాలు చేర్చి మార్కులు తెచ్చుకుంటాం. అంతటితో సరి. ఆ ప్రాణి బతికుండగా దానిపై కత్తి పెడితే దానికి బాధ తెలుస్తుందా అన్న ప్రశ్న రికార్డు పుస్తకంలో ఎక్కడా ఉండదు.

జంతువులపై పరిశోధనకు చట్టాలు లేకపోలేదు. ఇంగ్లండులో 1876లోనే ఒకటి వచ్చింది. కాని అకశేరుకాలకు ఇది వర్తించదని అందులోనే రాసుకున్నారు. అనగా దయకు కొలబద్ద వెన్నెముక! కుక్క, కప్ప, చేప గీతకు ఇవతల. నత్త, వానపాము, వాటితోపాటే ఆక్టోపస్ అవతల.

ఇందులో వింత ఏమంటే, నాడీ ప్రచోదనం గురించి మనం చదువుకునే పాఠానికి మూలం ఆ గీతకు అవతల ఉన్న ప్రాణియే. స్క్విడ్ శరీరంలో నీటిని చిమ్మి వెనక్కు దూసుకుపోవడానికి పనికివచ్చే ఒక మహా ఆక్సాన్ ఉంటుంది. దాని వెడల్పు ఒక్కోసారి మిల్లీమీటరు దాకా ఉంటుంది. మన ఆక్సాన్లు మైక్రాన్ల లెక్క. 1936లో జె.జెడ్. యంగ్ దీని ప్రాముఖ్యాన్ని చాటాడు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు ప్లిమత్‌లో అందులోకి ఎలక్ట్రోడును దించి, 1952లో తమ సిద్ధాంతాన్ని ప్రకటించి, 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. స్క్విడ్‌కు మాత్రం చట్టం దృష్టిలో నత్తకున్న హోదాయే మిగిలింది.

నత్తతో పోల్చడం సబబేనా? ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఎలుకకు ఉన్నవి 20 కోట్ల చిల్లర. పైగా ఆక్టోపస్ నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత నేపుల్స్ సముద్ర జీవ కేంద్రంలో యంగ్, బాయ్‌కాట్‌లు ఆక్టోపస్‌కు ఆకారాలు చూపి, ఒకదానికి ఆహారమూ మరొకదానికి చిన్న విద్యుత్ దెబ్బా ఇస్తే, అది తేడా నేర్చుకుని గుర్తుపెట్టుకుంది. అయితే నేర్చుకోవడం వేరు, బాధపడటం వేరు. నిప్పు తగిలితే చెయ్యి వెనక్కు లాక్కోవడం అసంకల్పిత ప్రతీకార చర్య. దానికి మెదడుతో పని లేదు. మరి కుయ్యో మొర్రో అనలేని ప్రాణి అనుభవించే బాధను పట్టుకోవడం ఎలా?

అమెరికాలో రాబిన్ క్రుక్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక దారి చూపింది. 2014లో ఆమె, సహచరులు గాయపడిన స్క్విడ్‌లను వేటాడే చేపల మధ్య వదిలారు. గాయమైన స్క్విడ్‌లు చేప ఇంకా దూరంగా ఉండగానే జాగ్రత్తపడ్డాయి. గాయం చేసేటప్పుడు మత్తు ఇచ్చినవాటిలో ఆ జాగ్రత్త కలగలేదు; అవే ఎక్కువగా చేపల పాలయ్యాయి. 2021లో ఆమె ఇంకో అడుగు వేసింది. ఆక్టోపస్ చేతిలో ఎసెటిక్ ఆమ్లం ఎక్కించి, అది అంతకు ముందు ఇష్టపడిన గదిలోనే ఉంచితే, తర్వాత ఆ గది వైపు పోవడం మానేసింది. సూది గుచ్చిన చోట చర్మాన్ని ముక్కుతో పీకేసుకుంది. లిగ్నోకైన్ ఇచ్చి ఉపశమనం కలిగించిన గదిని మాత్రం ఇష్టపడింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కోవడం కాదిది. జరిగినదాన్ని తలచుకుని దూరం జరగడం. బాధ ఉందని రుజువు చెయ్యడానికి బాధ పెట్టక తప్పలేదన్నది నిజమే. ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

చట్టం మెల్లగా కదిలింది. బ్రిటన్ 1986 చట్టంలోకి 1993లో ఒకే ఒక్క జాతిని, సాధారణ ఆక్టోపస్‌ను, చేర్చుకుంది. ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశంతో, 2013 జనవరి 1 నుంచి, శీర్షపాదులన్నిటినీ సకశేరుకాల సరసన నిలబెట్టింది. అక్కడ ఇప్పుడు అనుమతి లేకుండా, ప్రయోజనమెంత హాని ఎంత అని తూచకుండా, మత్తు మాటెత్తకుండా పని మొదలుపెట్టడానికి వీల్లేదు. అమెరికా జంతు సంక్షేమ చట్టం ఇంకా ఉష్ణరక్త జీవుల దగ్గరే ఆగింది. 2023లో మాత్రం అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వీటికి మార్గదర్శకాలపై సలహాలు కోరింది. మన 1960 చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏదైనా సరే. వెన్నెముక ఊసే లేదు. అయినా ఎథిక్స్ కమిటీ అనగానే మనకు ముందు తోచేవి ఎలుక, కుందేలే కదా!

కాగితం మీద పేరు ఎక్కించడం సులువే. తొట్టిలో పెంచడం దగ్గరే తంటాలన్నీ. ఆక్టోపస్‌ను ఒంటరిగా ఉంచాలి, లేకుంటే ఒకదాన్నొకటి తింటాయి. దాక్కోవడానికి కుండో, రాళ్ళ గూడో కావాలి. ఒంట్లో ఎముక లేదు గనుక చిన్న సందు దొరికితే చాలు, జారుకుంటుంది, మూత బిగించాలి. మత్తుకు మెగ్నీషియం క్లోరైడు వాడేవారు గాని, అది కండరాలను మాత్రమే కట్టిపడేస్తుందా, బాధను కూడా ఆపుతుందా అన్న అనుమానం చాలాకాలం నలిగింది. కదలలేక పడి ఉన్న ప్రాణిని మత్తులో ఉందనుకుని కోస్తే ఎంత ఘోరం! 2018లో నాడుల్లోని సంకేతాలను నేరుగా నమోదు చేసి చూశాకే, ఇదీ ఆల్కహాలూ నిజమైన మత్తుమందులేనని తేలింది.

ఇంకా తెగని చిక్కు తల్లి ఆక్టోపస్‌ది. గుడ్లు పెట్టాక అది తిండి మానేసి, వాటిని కడుగుతూ కాపలా కాస్తూ శుష్కించి, పిల్లలు పొదిగాక చచ్చిపోతుంది. తిండి మానడం, బరువు తగ్గడం, చర్మం పాలిపోవడం — ఎలుకలో ఇవి కనిపిస్తే ప్రయోగం ఆపి, నొప్పి తెలియకుండా ప్రాణం తీయమంటారు. ఇక్కడ అవి జబ్బు లక్షణాలు కావు, దాని ఆయుష్షులోనే రాసి ఉన్నవి. కంటి దగ్గరి గ్రంథులను తీసేస్తే తల్లి గుడ్లు వదిలి మళ్ళీ తింటుందనీ, ఎక్కువకాలం బతుకుతుందనీ 1977లోనే వొడిన్‌స్కీ చూపించాడు. మరి తొట్టి ముందు నిలబడ్డ పరిశోధకుడు దాన్ని ఏ రోజున రోగి అనుకోవాలి? గుడ్లు పొదిగేదాకా ఆగాలా, అంతకు ముందే మత్తు కలిపిన నీళ్ళలోకి దించాలా?